మెర్కుర్ 34సి రేజర్: ఒక టూల్‌రూమ్ పనివాడి మాట

జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన మెర్కుర్ 34సి రేజర్‌తో నేనిప్పుడు గడ్డం గీసుకుంటున్నాను. రెండు వైపులా పదునుండే మామూలు బ్లేడు పెట్టుకునే రేజర్ ఇది. మన నాన్నల కాలంలో ప్రతి ఇంట్లోనూ అద్దం పక్క గూట్లో ఇలాంటిది ఒకటుండేది. కొత్తగా కొనాలనుకునేవాళ్లు, కొని నాలుగు రోజులు వాడి గాట్లు పడుతున్నాయని పక్కన పడేసినవాళ్లు నన్ను తరచూ సలహా అడుగుతుంటారు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో, అంటే ఫ్యాక్టరీలకు కావలసిన పనిముట్లు తయారుచేసే షాపులో, పనిచేస్తాను. డైలు (లోహపు అచ్చులు), ఫిక్స్చర్లు (పని ముక్కను కదలకుండా పట్టి ఉంచేవి) చేయడం, మైక్రాన్లలో, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల్లో, కొలవడం నా బతుకుదెరువు. ఏ లోహపు వస్తువు చేతికొచ్చినా ముందు దాని థ్రెడ్ (మర) చూస్తాను, తర్వాత అంచు చూస్తాను. దీన్నీ అలాగే చూశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 34సి మంచి రేజర్. డబ్బు పెట్టగలిగితే నిశ్చింతగా కొనండి. కానీ గడ్డం నున్నగా, మంట లేకుండా తెగాలంటే రేజర్ కన్నా బ్లేడు, నీళ్లు, మీ చెయ్యి ముఖ్యం. ఈ మూడూ కుదిరితే తక్కువ ధర రేజర్ కూడా చక్కగా పనిచేస్తుంది. ఇవి కుదరకపోతే జర్మనీ రేజర్ కూడా ఏమీ చేయలేదు.

నేను కార్ట్రిడ్జ్‌లు, అంటే బ్లేడ్లతో సహా తల మొత్తం మార్చేసే రేజర్లు, మానేయడానికి కారణం నా మెడ. అక్కడ వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌తో గీసుకున్న మర్నాడు గొంతు కింద ఎర్రటి పొక్కులు లేచేవి, కాలర్ తగిలితే మండేవి. వరసగా బ్లేడ్లున్నప్పుడు మొదటి బ్లేడు వెంట్రుకను పట్టి కాస్త పైకి లాగుతుంది. అది వెనక్కి జారేలోపు తర్వాతి బ్లేడు కోసేస్తుంది. దాంతో తెగిన మొన చర్మం మట్టం కన్నా కిందికి దిగిపోతుంది. తిన్నగా మొలిచే వెంట్రుకైతే మళ్లీ అదే దారిన బయటికొస్తుంది. ఉంగరాల వెంట్రుక మాత్రం పక్కకు తిరిగి లోపలే చర్మంలోకి గుచ్చుకుంటుంది, అక్కడ పొక్కు లేస్తుంది. ఒకే బ్లేడు తిన్నగా నడిస్తే వెంట్రుక చర్మం మట్టంలో తెగుతుంది, అంతకన్నా లోతుకు పోదు. నా మెడకు కావలసింది అదే.

జిల్లెట్ 1998లో మూడు బ్లేడ్ల మాక్3, 2006లో ఐదు బ్లేడ్ల ఫ్యూజన్ తెచ్చింది. అదే కంపెనీ 2010లో ప్రత్యేకంగా మన దేశం కోసం గార్డ్ అనే రేజర్ చేసి 15 రూపాయలకు అమ్మింది. అందులో ఉన్నది ఒక్కటే బ్లేడు. మన దగ్గర కోట్లమంది ఇంకా రెండంచుల బ్లేడుతోనే గీసుకుంటున్నారని వాళ్లకు తెలుసు కాబట్టే ఆ ధర, ఆ ఒక్క బ్లేడు. ఇక ఖర్చు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నాలుగు కార్ట్రిడ్జ్‌ల ప్యాకెట్‌కు వందలు పెడతాం, రెండంచుల బ్లేడు పది రూపాయల లోపే వస్తుంది. అయినా నేను డబ్బు కోసం మారలేదు, మెడ కోసం మారాను.

ఈ బ్లేడు వెనకున్న ఆలోచన మా వృత్తివాళ్లకు చాలా ఇష్టమైనది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ 1901లో దరఖాస్తు పెట్టి 1904లో దీనికి పేటెంట్ పొందాడు. అంతకుముందు గడ్డం గీయడమంటే మందపాటి కత్తి, దాన్ని రోజూ తోలుపట్టీ మీద నూరుకోవడం. పలుచటి ఉక్కు రేకుకే పదును పెట్టి, మొండిబారితే పారేసేలా చేయాలని ఆయన పట్టుబట్టాడు. అంత పలుచటి ఉక్కుకు పదును నిలిచేలా చేసే యంత్రాలు తయారు చేసింది విలియం నికర్సన్ అనే ఇంజినీరు. షాపులో మైక్రోమీటర్ పెట్టి చూస్తే బ్లేడు మందం 0.10 మిల్లీమీటర్ చూపిస్తుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే అటూ ఇటూ ఊగిపోయే రేకు అది. దాన్ని రేజర్ తలలో పెట్టి బిగించగానే పై మూతకూ కింది పళ్లేనికీ మధ్య విల్లులా వంగుతుంది. ఆ వంపుతోనే గట్టిపడుతుంది, అంచు వణకడం మానేస్తుంది. రేజర్ నాణ్యత అంటే ప్రధానంగా ఇదే: బ్లేడును ఎంత గట్టిగా, ఎంత సమానంగా పట్టి ఉంచుతోంది అన్నది.

34సి ఈ పరీక్షలో బాగా నెగ్గుతుంది. ఇందులో రెండే ముక్కలు. కింది పళ్లెం, పిడి ఒకటిగా ఉంటాయి. పై మూత విడిగా వస్తుంది, దాని మధ్యలో మర ఉంటుంది. పిడి అడుగున ఉన్న గుబ్బ తిప్పితే మూత వదులై చేతికొస్తుంది. మూతను బోర్లా తిప్పి బ్లేడు పెట్టి, పిడి మీద కూర్చోబెట్టి, మళ్లీ గుబ్బ బిగించాలి. మర ఎక్కడా పట్టేయకుండా నునుపుగా ఎక్కుతుంది, చివర్లో గట్టిగా ఆగుతుంది. బిగించాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి రెండు వైపులా సందు చూశాను, ఒకేలా ఉంది. ఈ కొలత అందరూ తీయనక్కర్లేదు. రేజర్‌ను కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని, మూత అంచు కింద నుంచి బ్లేడు గీత రెండు వైపులా సమానంగా బయటికి కనిపిస్తోందో లేదో చూస్తే చాలు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనిపిస్తే వదులు చేసి, మూతను వేలితో నొక్కిపట్టి మళ్లీ బిగించాలి. ఏ రేజర్‌కైనా, బ్లేడు మార్చిన ప్రతిసారీ ఈ చూపు తప్పనిసరి. చాలామందికి ఒక చెంప మీదే గాట్లు పడడానికి కారణం ఇదే.

బరువు 80 గ్రాములకు కాస్త తక్కువ. పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల లోపే. పొట్టిగా, బరువుగా, తల వైపు కాస్త మొగ్గు చూపుతూ ఉంటుంది. పిడి మీద నర్లింగ్, అంటే పట్టు కోసం చెక్కిన గరుకు గళ్లు, చక్కగా లోతుగా పడింది. సబ్బు చేత్తో పట్టుకున్నా జారదు. అరచెయ్యి పెద్దదిగా ఉన్నవాళ్లకు పిడి పొట్టి అనిపించవచ్చు. నాకైతే ఆ పొట్టితనమే నచ్చింది, ఎందుకంటే పిడిని గుప్పెట్లో బిగించడానికి చోటుండదు. మూడు వేళ్ల కొనలతో పట్టుకోవాల్సి వస్తుంది. అలా పట్టుకుంటే నొక్కాలన్నా నొక్కలేం.

లోహం గురించి కూడా చెప్పాలి. ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కాదు. దీని తలను జింకులో అల్యూమినియం, కొంచెం రాగి కలిపిన మిశ్రమంతో అచ్చుపోసి, పైన క్రోమ్ ప్లేటింగ్ చేశారు. ఆ మిశ్రమాన్ని జమాక్ అంటారు. డై కాస్టింగ్‌కు, అంటే కరిగించి అచ్చులో పోయడానికి, చాలా బాగా ఒదిగే లోహం, సన్నటి వివరాలు కూడా అచ్చులో స్పష్టంగా వస్తాయి, అందుకే పేరున్న రేజర్లలో చాలావాటి తలలు దీనితోనే ఉంటాయి. కానీ గట్టి నేల మీద పడితే విరిగే స్వభావం ఉంది. క్రోమ్ పొర ఎక్కడైనా లేచిపోతే కింద జింకు తడికి తినేస్తుంది. కాబట్టి బాత్రూమ్ టైల్స్ మీద పడకుండా చూసుకోవాలి, గరుకు పీచుతో తోమకూడదు. జీవితాంతం ఒకటే రేజర్ అనుకునేవాళ్లు, చెయ్యి జారే అలవాటున్నవాళ్లు, ఇంకాస్త ఎక్కువ పెట్టి లేత్ మీద తిప్పిన స్టెయిన్‌లెస్ స్టీలు రేజర్ చూసుకోవడం మేలు. ఇంకో విషయం: 34సి తలలో బ్లేడు రెండు కొసలూ కొద్దిగా బయటికి వచ్చి ఉంటాయి. అక్కడ పదునుండదు, అయినా చెవి పక్కన గీసేటప్పుడు ఆ కొస చెవి తమ్మెకు తగలకుండా చూసుకోవాలి.

జోలింగెన్ పేరు గురించి ఒక్క మాట. కత్తులకు, కత్తెరలకు శతాబ్దాలుగా పేరుపడ్డ ఊరు అది. ఆ ఊళ్లో తయారుకాని వస్తువు మీద ఆ పేరు వేయకూడదని జర్మనీలో 1938 నుంచి చట్టమే ఉంది. ఊరి పేరును ఇలా కాపాడుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మన దగ్గర కూడా చేతిపనికి పేరున్న ఊళ్లకు ఆ పట్టుదల ఉండాలి.

34సి ఒక్కటే దారి కాదు. జర్మనీదే మ్యూలె ఆర్89, ఇంగ్లండ్ షెఫీల్డ్ నుంచి వచ్చే ఎడ్విన్ జాగర్ డీఈ89, ఈ రెండింటి తలా దాదాపు ఒకటే, స్వభావం కూడా నెమ్మదే. ఇవి మూడు ముక్కల రేజర్లు: మూత, పళ్లెం, పిడి విడివిడిగా వస్తాయి, కడగడం సులువు. పిడి పొడుగు కావాలంటే వీటి వైపు వెళ్లండి. పిడి తిప్పగానే తలుపుల్లా రెండు రెక్కలు విచ్చుకునే రేజర్లు కూడా ఉన్నాయి. పార్కర్ అనే అమెరికా బ్రాండులో ఇవి ఎక్కువ, అవి తయారయ్యేది మన దేశంలోనే. బ్లేడు పెట్టడం చాలా సుఖం. కానీ కదిలే భాగాలు ఎక్కువ, సబ్బు, ఉప్పు పేరుకునే సందులు ఎక్కువ. బోరు నీళ్లు వాడే ఇంటికి నేను వాటిని సిఫారసు చేయను. పళ్లెం అంచు దువ్వెనలా పళ్లు పళ్లుగా ఉన్నవి వారానికోసారి గీసుకునే గుబురు గడ్డానికి బాగుంటాయి. మ్యూలె ఆర్41 ఆ రకమే, చాలా దూకుడుగా కోస్తుంది. నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు.

నాలుగు వేలు పైచిలుకు పెట్టి 34సి కొనడం ఇప్పుడే ఎందుకు అనుకునేవాళ్లు మన దేశంలో తయారైన మూడు ముక్కల రేజర్ ఏదైనా కొన్ని వందలకు తెచ్చుకోవచ్చు. కొనే ముందు మూడు పరీక్షలు చేయండి. మర పూర్తిగా ఎక్కాలి, మధ్యలో పట్టేయకూడదు. బిగించాక బ్లేడు గీత రెండు వైపులా సమానంగా కనిపించాలి. పళ్లెం అంచు మీద గోరు నడిపితే ఎక్కడా గరుకు తగలకూడదు. మూడోది మరీ ముఖ్యం. అచ్చులోంచి వచ్చినప్పటి బర్ (అంచున మిగిలే గరుకు లోహం) సరిగ్గా తీయకపోతే ఆ అంచే చర్మాన్ని గీరుతుంది, మనమేమో బ్లేడును తిడతాం.

రేజర్ ఒకటి చాలు, బ్లేడ్లు మాత్రం నాలుగైదు రకాలు వాడి చూడాలి. ఇదే నేను అందరికీ గట్టిగా చెప్పేది. ఒకే ముఖానికి ఒక బ్లేడు వెన్నలా నడుస్తుంది, ఇంకోటి పీకుతుంది. ఎవరి వెంట్రుక మందం, ఎవరి చర్మం వాళ్లది కాబట్టి పక్కవాళ్ల బ్లేడు మనకు పడుతుందన్న నమ్మకం లేదు. 1960లలో స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడ్లు వచ్చాక తుప్పు బాధ తగ్గింది. తర్వాత అంచు మీద ప్లాటినం, క్రోమియం, నాన్‌స్టిక్ పెనం మీద ఉండే లాంటి పూత వేయడం మొదలైంది. ఏ కంపెనీ ఏ కోణంలో నూరింది, ఏ పూత వేసింది అన్నదాన్ని బట్టి తేడా వస్తుంది.

మన కిరాణా కొట్లలో సూపర్‌మ్యాక్స్, టోపాజ్, సెవెనోక్లాక్, విల్కిన్సన్ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో పచ్చ ప్యాకెట్‌లో వచ్చే ఆస్ట్రా, జపాన్ ఫెదర్ కూడా. అన్నింట్లోకీ ఎక్కువ పదునని ఫెదర్‌కు పేరు. చెయ్యి కుదరకముందు దాన్ని వాడకండి. కోణం కాస్త తప్పినా అది క్షమించదు. నా గడ్డం ముతక. నల్ల ప్యాకెట్ సెవెనోక్లాక్, పచ్చ ఆస్ట్రా నాకు బాగా కుదిరాయి. ఇవే మీకూ కుదురుతాయని చెప్పను. పరీక్ష ఎలా చేయాలో మాత్రం చెబుతాను. రేజర్ మార్చకండి, సబ్బు మార్చకండి, గీసే వరస మార్చకండి. బ్లేడొక్కటే మార్చండి. ఒక్కో రకం ఒక ప్యాకెట్ పూర్తిగా వాడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్లో తేలదు. షాపులో కొత్త ఇన్‌సర్ట్ (లోహాన్ని కోసే మొన) పరీక్షించేటప్పుడు కూడా మేం యంత్రం స్పీడు, ఫీడు (మొన ముందుకు జరిగే వేగం) కదపం.

బ్లేడు ఎన్నాళ్లు వాడాలన్నది చెంప చెబుతుంది. మొదటి గీతలో వెంట్రుక పట్టి లాగినట్టు అనిపించిందంటే ఆపేసి కొత్తది పెట్టాలి. పిసినారితనం ఇక్కడ పనికిరాదు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్న ప్యాకెట్‌లో పేరున్న బ్రాండు కాగితం చుట్టి, అచ్చు మసకగా ఉన్న నకిలీ బ్లేడ్లు వచ్చాయి. అప్పటి నుంచి తెలిసిన కొట్లోనే కొంటున్నాను. కాగితం మీద అక్షరాలు పదునుగా ఉన్నాయో లేదో చూస్తాను, లోపలి బ్లేడు మీద అచ్చు కూడా.

బ్లేడ్ల గురించి నాకు బాగా తెలియజెప్పింది ఫ్లైఓవర్ పక్కన సెలూన్ నడిపే అన్న. సెలూన్ కత్తిలో పెట్టేదీ ఈ బ్లేడే. కాగితంతో సహా మధ్యకు మడిచి టక్కున విరిచి సగం బ్లేడు వాడతారు. తిరుమల కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు ఇచ్చే బ్లేడు కూడా ఇదే జాతి. రోజంతా రకరకాల గడ్డాల మీద బ్లేడు నడిపే మనిషికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన నాతో ఒకసారి అన్నాడు: "తమ్మీ, పదునున్న బ్లేడుకే గాట్లు తక్కువ. మొండి బ్లేడు పీకుతది. పీకితే మనం నొక్కుతం. నొక్కితే తెగుతది." నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైన మాట లేదు. కొత్తవాళ్లు భయపడి తక్కువ పదును బ్లేడు కోసం వెతుకుతారు. అది తలకిందుల ఆలోచన.

ఇక నీళ్లు. హైదరాబాద్‌లో రేజర్ సలహాలు ఎంత విన్నా పనిచేయట్లేదు అనేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇక్కడే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్‌కు వచ్చేది బోరు నీళ్లు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. షేవింగ్ క్రీమైనా, సబ్బైనా తయారయ్యేది కొవ్వు ఆమ్లాలతోనే. అవి ఆ కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి పొట్టులా మారిపోతాయి. నురగకు పనికొచ్చే సబ్బు సగం అలా వృథా అవుతుంది. బ్రష్ ఎంత తిప్పినా నురగ పెద్ద పెద్ద బుడగలుగా లేచి, చెంప మీద పూసిన నిమిషానికే ఆరిపోతుంది. ఆరిన చెంప మీద బ్లేడు నడిస్తే మంట రాక ఏమొస్తుంది?

దీనికి మందు చాలా తేలిక. వంటింట్లో నుంచి ఒక మగ్గు ఫిల్టర్ నీళ్లో, మంజీరా నల్లా నీళ్లో తెచ్చుకుని, కాస్త వేడి చేసి, బ్రష్ అందులోనే ముంచండి. అదే క్రీము, అదే బ్రష్, నురగ మాత్రం వేరేలా వస్తుంది. బుడగలు కంటికి కనిపించనంత చిన్నవై, చిలికిన పెరుగు మీగడలా మెరుస్తూ చెంపకు అంటుకుని ఉంటుంది. వేలితో రాస్తే జారాలి. గోద్రెజ్, పామోలివ్, పార్క్ అవెన్యూ, వీజాన్ ఏ ట్యూబైనా సరే, శనగగింజంత క్రీము, మంచి నీళ్లు, బ్రష్ తిప్పే ఓపిక ఉంటే చాలు. ఖరీదైన సబ్బు కొనే ముందు ఈ మగ్గు నీళ్ల ప్రయోగం చేసి చూడండి. డబ్బాలోంచి వచ్చే ఫోమ్ చూడ్డానికి ఎక్కువ కనిపిస్తుంది కానీ అందులో గాలే ఎక్కువ. ఈ రేజర్‌కు అది సరిపోదు.

గీయడానికి ముందు రెండు మూడు నిమిషాలు ముఖం తడిసి ఉండాలి. తడిసిన వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, తెగడానికి బలం తక్కువ చాలు. స్నానం చేశాక గీసుకోవడం అందుకే మంచిది. మన ఇళ్లలో గడ్డం గీసుకున్నాకే స్నానం చేయాలనే పట్టింపు ఉంటుంది కాబట్టి, ఆ ఇంట్లోవాళ్లు వేడినీళ్లలో ముంచిన తువ్వాలు ముఖానికి అద్దుకుంటే సరిపోతుంది.

మా చెల్లెలి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. వాడికి ఈ మధ్యే నేర్పాను. మూత పైభాగాన్ని చెంపకు ఆనించమన్నాను. అప్పుడు పిడి ముఖానికి అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంటుంది. బ్లేడు చర్మానికి తగలదు. అలా కిందికి జరుపుతూ, పిడి చివరను కొద్దికొద్దిగా కిందికి దించమన్నాను.

"మామా, ఏమీ తెగట్లేదు."

"ఇంకొంచెం దించు. అద్దం చూడకు, చెవి పెట్టు."

ఇంకో వేలెడు దించాడు. సన్నగా సర్రుమని చప్పుడు మొదలైంది. "ఇగో, వచ్చింది!" అన్నాడు. ఆ చప్పుడు వచ్చిన చోటే కోణం. బ్లేడుకూ చర్మానికీ మధ్య దాదాపు 30 డిగ్రీలు ఉంటుంది, కానీ అద్దం ముందు డిగ్రీలు ఎవరూ కొలవలేరు. చెవి కొలుస్తుంది. అందుకే నేర్చుకునే రోజుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి, నల్లా కట్టేసి గీసుకోమంటాను. మాట్లాడుతూ మాట్లాడుతూ వాడి చెయ్యి బిగుసుకుంది. కార్ట్రిడ్జ్‌తో అలవాటైన చెయ్యి కదా, నొక్కితేనే తెగుతుందనుకుంటుంది. "నొక్కకురా. దాని బరువుకే అది తెగుతది. నువ్వు దారి చూపిస్తే చాలు" అన్నాను. రెండో చేత్తో చెంపను చెవి వైపు లాగి పట్టమన్నాను, చర్మం బిగిస్తే బ్లేడు ముడతలో దిగదు. గీత రెండు మూడు సెంటీమీటర్లకు మించొద్దు. ప్రతి నాలుగు గీతలకూ తిప్పి రెండో అంచు వాడాలి, తర్వాత మగ్గులో ముంచాలి. మొదటి వారాలు రెండు చెంపలు మాత్రమే ఈ రేజర్‌తో గీసి, మూతి, మెడ పాత రేజర్‌తోనే కానిచ్చెయ్యమన్నాను. చెంప చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ చెయ్యి కుదిరాక మిగతాది దానంతటదే వస్తుంది.

మెడ దగ్గర వెంట్రుక వాలు తెలియాలి. రెండు రోజులు గీయకుండా ఉండి, వేలితో అన్ని వైపులా రాసి చూడండి. నునుపుగా జారిన వైపు వాలు, గరుక్కుమన్న వైపు ఎదురు. చెంపల మీద చాలామందికి వాలు కిందికే ఉంటుంది. మెడ మీద మనిషికో తీరు. నాకు గొంతుముడికి కుడివైపు పైకి, ఎడమవైపు అడ్డంగా మొలుస్తుంది. ఈ సంగతి తెలియక ఇన్నాళ్లూ మెడంతా కింది నుంచి పైకి ఎదురు గీసేవాళ్లే ఎక్కువ. మొదటి విడత వాలుకే గీయాలి. మళ్లీ నురగ పూసి రెండో విడత అడ్డంగా. ఎదురు గీయడం చెంపలకు అయితే సరే, పొక్కులు లేచే మెడకు వద్దే వద్దు. అద్దంలో నున్నగా కనిపిస్తే చాలు, వేలికి తగిలే ఆ కాస్త గరుకు కోసం చర్మాన్ని బాధపెట్టడం ఎందుకు? నురగ లేని చోట ఒక్క గీత కూడా గీయకండి. గొంతుముడి మీద గీసేటప్పుడు చర్మాన్ని పక్కకు లాగి, ముడి పక్కన చదునైన చోట గీయాలి.

మీసం ఉంచుకునేవాళ్లకు ఈ రేజర్ ఇచ్చే సుఖం వేరు. ఐదు బ్లేడ్ల తల వెడల్పుగా ఉంటుంది, ముక్కు కింద సందులోకి పోదు, మీసం అంచు ఎక్కడ తెగుతోందో కనిపించదు. ఇక్కడ ఒకే అంచు, అది ఎక్కడుందో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. రెండు కొసలూ సమంగా దిద్దుకోవడం ఎంత తేలికో ఒకసారి చేస్తే తెలుస్తుంది.

అయిపోయాక చల్లటి నీళ్లతో కడుక్కుని, తడి ముఖం మీద పటిక ముక్క రాయండి. చిన్న చిన్న గాట్ల దగ్గర రక్తం ఆగుతుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది: ఎక్కడ చురుక్కుమంటే అక్కడ మీరు నొక్కారని అర్థం. మర్నాడు ఆ చోట చెయ్యి తేలిక చేయండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు, ముఖం మీద మొటిమలు ఎక్కువగా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే ఈ రేజర్ మొదలుపెట్టండి.

రేజర్ సంరక్షణకు పెద్ద శ్రమ లేదు. వాడాక కడిగి, గట్టిగా విదిలించి, గాలి తగిలే చోట నిలబెట్టాలి. బ్లేడు అంచును తువ్వాలుతో తుడవకూడదు, పూత పోతుంది, వేలూ తెగుతుంది. బోరు నీళ్ల తెల్లటి మరకలు క్రోమ్ మీద పేరుకుంటే, నీళ్లు కలిపిన వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి వెంటనే కడిగేయాలి. ఎక్కువసేపు నానబెడితే ప్లేటింగ్‌కు మంచిది కాదు. మర మీద నెలకోసారి పాత టూత్‌బ్రష్ తిప్పితే చాలు. విమానంలో వెళ్లేటప్పుడు బ్లేడ్లు చేతి సంచిలో పెట్టనివ్వరు, చెక్ఇన్ బ్యాగులో సర్దుకోవాలి. ఊరెళ్లాక ఏ కిరాణా కొట్లోనైనా బ్లేడు దొరుకుతుంది. నూరేళ్ల కిందటి జిల్లెట్ రేజర్‌లో కూడా ఈ రోజు కొన్న బ్లేడు పడుతుందంటే ఆ కొలతలకు ఎంత గౌరవం ఇచ్చారో చూడండి.

వాడేసిన బ్లేడు విషయంలో మాత్రం నేను చాలా పట్టుదలగా ఉంటాను. దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే, చెత్త బండి దగ్గర చేతులతో వేరుచేసే మనిషి వేళ్లు తెగుతాయి. ఖాళీ పౌడర్ డబ్బాకో, హార్లిక్స్ మూతకో బ్లేడు దూరేంత చీలిక పెట్టుకుని, వాడినవన్నీ అందులో వేయండి. టైలరింగ్ చేసే ఇంట్లో అయితే కుట్లు విప్పడానికి వాడిన బ్లేడ్లు కూడా అందులోకే. నిండాక చీలికకు టేపు వేసి, పైన మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి, పాత ఇనుము కొనేవాళ్లకు లోపల ఏముందో నోటితో చెప్పి ఇవ్వండి. నా డబ్బా మా షాపులో స్టీలు స్క్రాప్ డ్రమ్ములోకి వెళ్తుంది.